బొబోవా కండె లేసు పరిశోధన: రాణి కథ, బడి రికార్డు, దారం జాడ

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, వస్త్ర చరిత్ర చదువుకుంటున్న విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

పోలండ్ దేశపు సంప్రదాయ కండె లేసు గురించి, ముఖ్యంగా దాని మీద పరిశోధన ఎలా చేయాలన్న విషయం గురించి మాట్లాడమని నన్ను అడిగారు. లేసు అనగానే మన మనసు నరసాపురం మీదికి పోతుంది. అది సహజమే గానీ, ఆ అలవాటును కాసేపు పక్కన పెట్టాలి. నరసాపురం లేసు ఒకే దారాన్ని కొక్కెం సూదితో ఉచ్చులో నుంచి ఉచ్చు లాగుతూ అల్లే క్రోషియా పని. నేను చెప్పబోయే లేసులో పదుల కొద్దీ దారాలు ఉంటాయి. ప్రతి దారం చివరా ఒక చెక్క కండె వేలాడుతుంది. ఎదురుగా గట్టిగా కూరిన గుండ్రటి పొడవాటి దిండు, దాని మీద రంధ్రాలు గుచ్చిన అట్ట, ఆ రంధ్రాల్లో గుండుసూదులు. ఇది నేతకు దగ్గరి చుట్టం, క్రోషియాకు దూరపు చుట్టం. పోలండ్‌లోనూ ఈ రెండూ ఉన్నాయి. దేశపు దక్షిణపు అంచున, సిలేసియన్ బెస్కిడ్ కొండల్లో ఉన్న కొన్యాకువ్ గ్రామం క్రోషియా లేసుకు పేరు. అక్కడికి తూర్పుగా, గోర్లిట్సే జిల్లాలో బియావా నది ఒడ్డున ఉన్న బొబోవా అనే చిన్న పట్టణం కండె లేసుకు పేరు. రెండింటినీ కలిపి ‘పోలిష్ లేసు’ అని రాసిన వ్యాసాలు చాలా ఉన్నాయి. అలాంటి వ్యాసం మీ చేతికి వస్తే, మొదటి పేరా దగ్గరే దాని మీద నమ్మకం కాస్త తగ్గించుకోవడం మంచిది.

ఏ చేతిపని చరిత్రనైనా అడిగితే మనకు ముందుగా ఎదురయ్యేది ఒక రాణి. బొబోవా విషయంలో ఆ రాణి పేరు బోనా స్ఫోర్జా. ఇటలీలో పుట్టి, 1518లో పోలండ్ రాజు మొదటి సిగిస్మండ్‌ను పెళ్ళాడి క్రాకువ్ నగరానికి వచ్చిన ఆమె తన వెంట లేసు పనిని తెచ్చిందని చెప్పుకుంటారు. పోలండ్‌లో ఇటలీ వాసన ఉన్న ప్రతిదాన్నీ బోనా ఖాతాలో వేయడం పాత అలవాటు. సూపులో వేసే కూరగాయల కట్టను కూడా ఆమే తెచ్చిందంటారు, ఆ కూరగాయల్లో చాలా భాగం అంతకు ముందు రాజుల వంటశాలల్లోనే ఉన్నప్పటికీ. కథను కొట్టిపారేయడం సులభం. పరిశోధకురాలు చేయవలసిన పని మాత్రం అది కాదు. కథ ఏ కాలపు సాక్ష్యాలతో పొసగుతుందో, దేనితో పొసగదో చూడాలి.

చూద్దాం. 1493లో మిలాన్‌లో స్ఫోర్జా వంశపు అక్కచెల్లెళ్ళ మధ్య జరిగిన ఆస్తి పంపకాల పత్రంలో, దుప్పటి కోసం ప్రత్యేకమైన పద్ధతిలో చేసిన ఒక పట్టీ ప్రస్తావన ఉంది. కండె లేసుకు తొలి ఆధారంగా చాలామంది దీన్నే చూపిస్తారు. అది నిజంగా లేసేనా, జడలా అల్లిన ఉత్త పట్టీయా అన్న మీద వాదం ఉంది. తర్వాత గట్టిగా నిలిచే సాక్ష్యాలు అచ్చు పుస్తకాలు. వెనిస్‌లో 1557లో కండె లేసు నమూనాల పుస్తకం అచ్చయింది. 1561లో జ్యూరిక్‌లో అచ్చయిన మరొక నమూనాల పుస్తకం, ఈ విద్య తమ ఊరికి వెనిస్ వర్తకుల ద్వారా 1536లో వచ్చిందని ముందుమాటలో చెప్పుకుంది. అంటే 1518లో బోనా బయలుదేరేటప్పటికి ఈ పని ఇటలీలో ఉంటే ఉండవచ్చు గానీ, అప్పటికింకా పసి ప్రాయంలోనే ఉంది. ఇంకో సంగతి చెప్పాలి. బోనా 1556లో పోలండ్ విడిచి ఇటలీలోని బారీకి తిరిగి వెళ్ళి, మరుసటి ఏడాది, అంటే వెనిస్‌లో ఆ పుస్తకం అచ్చయిన 1557లోనే, అక్కడ చనిపోయింది. కాబట్టి ఆమె కథ అసాధ్యం కాదు, అయితే రుజువూ లేదు. బోనా కాలానికీ బొబోవా లేసుకూ మధ్య గొలుసు కలిపే పత్రం చేతిలో లేనంతవరకూ, ‘స్థానికులు ఇలా చెబుతారు’ అని రాయాలి తప్ప ‘బోనా తెచ్చింది’ అని రాయకూడదు. ఈ జాగ్రత్త పోలండ్‌కు మాత్రమే కాదు. జర్మనీ సరిహద్దు కొండల్లోని అన్నాబెర్గ్ పట్టణంలో బార్బరా ఉట్‌మన్ అనే వర్తకురాలు 1561లో లేసును కనిపెట్టిందని ఆమె సమాధి మీద చెక్కి ఉంది. ఆ సమాధి రాయిని నిలబెట్టింది మాత్రం 19వ శతాబ్దంలో. ఆమె నిజంగా చేసింది వందలాది స్త్రీల చేత పట్టీలు అల్లించి అమ్మిన పెద్ద వ్యాపారం. అది కనిపెట్టడం కంటే తక్కువ ఘనత కాదని నా అభిప్రాయం. ఎందుకో గాని, స్మారకాలు కట్టేవాళ్ళకు వ్యాపారం కంటే దివ్య స్ఫూర్తి ఎక్కువ ఇష్టం.

రాణి తర్వాత వచ్చేది బడి. ఇక్కడ నేల గట్టిగా ఉంటుంది. 1772లో పోలండ్‌ను పొరుగు రాజ్యాలు తొలిసారి పంచుకున్నప్పుడు బొబోవా ఉన్న ప్రాంతం ఆస్ట్రియా వాటాకు పోయి, గలీషియా అన్న పేరుతో హాబ్స్‌బర్గ్ సామ్రాజ్యంలో ఒక రాష్ట్రంగా మారింది. 19వ శతాబ్దం చివరికి ఆ రాష్ట్రపు పేదరికం సామెతగా మారిపోయింది. 1888లో స్తనిస్వావ్ ష్చెపనోవ్‌స్కీ ఆ పేదరికాన్ని అంకెలలో చూపిస్తూ ఒక పుస్తకమే రాశాడు. భూమి చిన్న చిన్న ముక్కలైపోయిన కొండ పల్లెల్లో, పొలం పని లేని చలికాలపు నెలల్లో స్త్రీలకు ఇంటి దగ్గరే నాలుగు డబ్బులు వచ్చే మార్గంగా ప్రభుత్వానికి లేసు కనిపించింది. వియన్నాలో 1879లో కేంద్ర లేసు శిక్షణాలయం ఏర్పడింది. ఇప్పటి స్లొవేనియాలోని ఇద్రియాలో అంతకు మూడేళ్ళ ముందే, 1876లో, లేసు బడి తెరిచారు. గలీషియాలో తత్రా పర్వతాల కింద ఉన్న జకోపానెలో 1883లో బడి మొదలైంది. దానికి పూనుకున్నది అప్పటికే అమెరికా రంగస్థలం మీద కూడా పేరు తెచ్చుకున్న నటి హెలెనా మోద్జెయెవ్‌స్కా. బొబోవాలో రాష్ట్ర లేసు పాఠశాల 1899లో వచ్చింది.

ఈ తేదీలు చూసిన కొందరు యువ పరిశోధకులకు తొందరపాటు పుడుతుంది: ‘అయితే ఇది జానపద కళ కానే కాదు, సర్కారు పథకం’ అని తేల్చేస్తారు. ఆ తీర్మానం రాణి కథ అంత బలహీనమైనదే. బడి పెట్టాలంటే పిల్లలను పంపే ఇళ్ళు ఉండాలి, కొనే సంత ఉండాలి, అంతకు ముందు నుంచీ ఎంతో కొంత చేతి అలవాటు ఉన్న ఊరైతే బడి నిలబడే అవకాశం ఎక్కువ. అయితే బడి ఏమీ మార్చకుండా ఊరుకోదు. అది కొలతలు తెస్తుంది, బొమ్మ గీసేవాళ్ళను తెస్తుంది, పని నాణ్యతకు మార్కులు తెస్తుంది, ఒక ఊరి నమూనాను నాలుగు వందల మైళ్ళ దూరంలోని మరో ఊరికి తపాలా ద్వారా పంపుతుంది. జకోపానెలోనే 1876లో మొదలైన కొయ్య చెక్కుడు బడి మీద, అక్కడ నేర్పేదంతా ఆల్ప్స్ కొండల నుంచీ వియన్నా నుంచీ దిగుమతి అయిన బాణీ అని చిత్రకారుడు, విమర్శకుడు స్తనిస్వావ్ వీట్కేవిచ్ పెద్ద పోరాటమే చేశాడు. స్థానిక గొర్రెల కాపరుల ఇళ్ళ చెక్కడాల నుంచి ఆయన రూపుదిద్దిన బాణీనే తర్వాత జకోపానె శైలి అన్నారు. లేసు విషయంలో కూడా అదే ప్రశ్న వేయాలి: ఈ పువ్వు ఊరి పువ్వా, వియన్నా గది గోడల మధ్య కాగితం మీద గీసిన పువ్వా? ఒక్కో నమూనాకు ఒక్కో జవాబు వస్తుంది. అన్నిటికీ కలిపి ఒకే జవాబు కావాలనుకునేవారు ఈ పరిశోధనకు దిగకపోవడమే మేలు.

ఈ బడుల కాగితాలు ఎక్కడున్నాయి? ఇది మీలో ఎవరైనా నిజంగా ఈ పని చేయదలిస్తే ముందు తెలుసుకోవలసిన సంగతి. బొబోవా ఇప్పుడు పోలండ్‌లో ఉంది కాబట్టి కాగితాలన్నీ పోలండ్‌లోనే ఉంటాయనుకుంటే పొరపాటు. గలీషియా రాష్ట్ర పాలన ల్వీవ్ నగరం నుంచి నడిచింది. ఆ నగరం ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉంది, రాష్ట్ర కార్యనిర్వాహక శాఖ దస్త్రాలు అక్కడి కేంద్ర చారిత్రక పత్రాగారంలో ఉన్నాయి. సామ్రాజ్యపు మంత్రిత్వ శాఖల కాగితాలకు వియన్నా వెళ్ళాలి. వస్తువుల కోసం, ఫొటోల కోసం క్రాకువ్ వెళ్ళాలి. అక్కడి జానపద మ్యూజియాన్ని సెవెరిన్ ఉజేలా 1911లో స్థాపించాడు. జకోపానెలో తత్రా మ్యూజియం ఉంది. అంటే ఒక చిన్న ఊరి లేసు కథకు మూడు దేశాలు, కనీసం పోలిష్, జర్మన్ రెండు భాషలు కావాలి. పైగా 1918లో హాబ్స్‌బర్గ్ సామ్రాజ్యం కూలడానికి ముందు ఒక లిపి అలవాటు, తర్వాత మరో అలవాటు. జర్మన్ గొలుసుకట్టు రాత చదవడం నేర్చుకోవడానికి ఒక ఏడాది పోతుందని ముందే అనుకుని దిగండి.

చర్చి రికార్డులు మరో గని. క్యాథలిక్ బిషప్పులు తమ పరిధిలోని చర్చిలను తనిఖీ చేసినప్పుడు ఉన్న వస్త్రాలన్నిటికీ పట్టికలు రాయించేవారు. బలిపీఠం గుడ్డలు, పూజారుల తెల్లని అంగీలు, వాటి అంచుల లేసులు ఆ పట్టికల్లో కనిపిస్తాయి. చిక్కు ఏమిటంటే, పట్టిక రాసిన గుమాస్తాకు సూదీ దారంతో కుట్టి చేసే సూది లేసుకూ కండె లేసుకూ తేడా తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. ఆయన ‘లేసు ఉంది’ అంటాడు, ‘చిరిగింది’ అంటాడు, అంతే.

అందుకే కాగితం తర్వాత దారం దగ్గరికి రావాలి. నా వరకు ఈ పరిశోధనలో అసలు రుచి ఇక్కడే ఉంది, కాబట్టి ఇక్కడ కాస్త నెమ్మదిగా నడుస్తాను.

కండె లేసు చేసేవారి ముందు ముప్పై కండెలున్నా, మూడు వందలున్నా, చేతులు ఒకసారికి తాకేది నాలుగింటినే, అంటే రెండు జతలనే. ఎడమ నుంచి కుడికి వాటిని ఒకటి, రెండు, మూడు, నాలుగు అనుకోండి. ఉన్నవి రెండే కదలికలు. ఒకటి దాటు: రెండో కండెను మూడో దాని మీదుగా దాటించాలి. రెండోది మెలి: రెండో దాన్ని ఒకటో దాని మీదుగా, అదే సమయంలో నాలుగో దాన్ని మూడో దాని మీదుగా వేయాలి. ఇవి పోలండ్ అయినా బెల్జియం అయినా మారవు. దాటు, మెలి, దాటు అని చేస్తే దారాలు పడుగు పేకల్లా ఒకదాని కింద ఒకటి, పైన ఒకటి పోయి, అచ్చమైన సాదా నేత గుడ్డ వస్తుంది. బొబోవా స్త్రీలు దాన్ని ‘ప్వూచెంకో’ అంటారు, చిన్న నారగుడ్డ అన్నట్టుగా. దాటు, మెలి మాత్రమే చేసి వదిలేస్తే ఒక్క దారమే అడ్డంగా పోతుంది, మిగతావన్నీ వాలుగా పోయి పలుచని గళ్ళు ఏర్పడతాయి. మధ్య మధ్య గుండుసూది గుచ్చి, ఆ సూది చుట్టూ జతను తిప్పి, పని ముందుకు పోతుంది. చుక్కల ముగ్గులో గీత చుక్కను చుట్టి పోయినట్టే ఇక్కడ దారం సూదిని చుట్టి పోతుంది. కాకపోతే ముగ్గులో చుక్క మిగులుతుంది, లేసులో సూదిని పీకేస్తారు, దాని చోటు మాత్రం మిగులుతుంది.

రెండే కదలికలు కాబట్టి, పూర్తయిన లేసును భూతద్దం కింద పెట్టి ప్రతి దారం వెంట వేలు పెట్టినట్టు కన్ను పెట్టి నడిస్తే, చేసినామె ఏ క్షణంలో ఏం చేసిందో తిరిగి చెప్పగలం. కుండ మీదా, చెక్క మీదా ఇంత వివరంగా చదవడం కుదరదు. ఒక చోట మెలి ఒకటి ఎక్కువ పడింది, తర్వాతి వరుసలో ఆమె దాన్ని సరిచేసింది. ఒక చోట దారం తెగింది, కొత్త దారాన్ని కొంత దూరం పాతదానితో జోడించి నడిపి, తర్వాత కొసను కత్తిరించింది. ఒక మూల దగ్గర దారాలు బిగిసి ఉన్నాయి, మరో మూల దగ్గర వదులుగా ఉన్నాయి. చేతులు మారాయా, ఒకే చేతికి అలసట వచ్చిందా అన్నది చదివేవారి అనుభవం మీద ఆధారపడుతుంది. అందుకే ఈ రంగంలో ఒక గట్టి సూత్రం పాటించాలని నేను నా విద్యార్థులతో అంటాను: కండెలు చేతబట్టి కనీసం ఒక సన్నని అంచు పట్టీ అల్లనివారు మ్యూజియం లేసు మీద అభిప్రాయం రాయకూడదు. చక్కగా రానక్కరలేదు. చేతికి తెలిస్తే కంటికి తెలుస్తుంది.

దారమే తేదీ కూడా కొంత చెబుతుంది. పాత లేసు దాదాపు అంతా అవిసె నార దారమే. 19వ శతాబ్దం మొదటి దశకాల నుంచి యంత్రపు నూలు దారం దాన్ని తోసి వేసింది. సూక్ష్మదర్శిని కింద అవిసె పోగు మీద వెదురు గెడకున్నట్టు కణుపులు కనిపిస్తాయి, పత్తి పోగు చదునుగా మెలితిరిగిన పట్టీలా కనిపిస్తుంది. అయితే ఇది ఒక దిక్కు మాత్రమే చెప్పే సాక్ష్యం: నూలు దారం ఉంటే లేసు మరీ పాతది కాదనవచ్చు, నార దారం ఉన్నంత మాత్రాన పాతదని అనలేం. నేటికీ బొబోవాలో నార దారంతో అల్లుతున్నారు.

నమూనా అట్ట విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. పాత అట్ట అరిగిపోతే కొత్త అట్టను దాని కింద పెట్టి, పాత రంధ్రాల గుండానే సూదితో మళ్ళీ గుచ్చుతారు. ప్రతి నకలులోనూ రంధ్రాలు వెంట్రుకవాసి జరుగుతాయి. అంటే 1960లో అల్లిన లేసుకు ఆధారమైన అట్ట 1900 నాటి అట్టకు మనవరాలో మునిమనవరాలో కావచ్చు. నమూనా వయసు, లేసు వయసు వేరు వేరు. పైగా అట్ట మీద ఉన్నవి రంధ్రాలు, అక్కడక్కడ దారి గుర్తుకు సిరా గీతలు, అంతే. ఆ రంధ్రాల మధ్య నేత గుడ్డ కట్టాలా, పలుచని గళ్ళు వేయాలా అన్నది చేసేవారి తలలో ఉంటుంది. అట్టలను మాత్రమే సేకరించి, అవి ఎలా పని చేసేవో అడగకుండా వదిలేసిన సేకరణలు ఐరోపాలో చాలానే ఉన్నాయి. భాష తెలిసినవాళ్ళు లేకుండా మిగిలిన లిపి లాంటి పరిస్థితి వాటిది.

చేతి లేసు, యంత్రపు లేసు తేడా గురించి తప్పకుండా అడుగుతారు కాబట్టి ముందే చెబుతాను. 1808, 1809 ప్రాంతాల్లో ఇంగ్లండ్‌లో హీత్‌కోట్ అనే ఆయన వల గుడ్డను నేసే యంత్రానికి హక్కులు పొందాడు. కొన్నేళ్ళకే లేసు నేసే లీవర్స్ యంత్రం వచ్చింది. వాటి పనిని గుర్తుపట్టడం పెద్ద కష్టం కాదు, ఎందుకంటే వాటిలో దారాలు పోయే తీరే వేరు. అసలు చిక్కు 19వ శతాబ్దం చివర జర్మనీలోని బార్మెన్ పట్టణంలో వచ్చిన యంత్రం. అది దారపు కండెలను గుండ్రటి దారిలో తిప్పుతూ, చేతి పనిలోని దాటు, మెలి కదలికలనే చేస్తుంది. దాని నుంచి వచ్చిన సన్నని అంచు పట్టీ దారం దారి ప్రకారం చేతి లేసే. మ్యూజియాల్లో కూడా అవి చేతి పనిగా నమోదై ఉంటాయి. ఎలా పట్టుకోవాలి? బార్మెన్ యంత్రం ఒకే వెడల్పు పట్టీని తిన్నగా అల్లుతుంది. మూల తిప్పలేదు, పక్కన అల్లిన ముక్కతో కొక్కెంతో లాగి కలపలేదు. కాబట్టి నిజమైన మూల, ముడిలా కలిసిన అతుకు కనిపిస్తే మనిషి చేయి ఉందని నమ్మవచ్చు. అవి లేని తిన్నని గజాల లేసు అయితే, గంటల తరబడి ఒకే బిగువు, ఒకే దూరం ఉందా అని కొలవాలి. మనిషి చేయి అంతసేపు అంత సమంగా ఉండదు.

ఇందాక కొక్కెం అన్నాను కదా. కండె లేసులో కూడా చిన్న కొక్కెం వాడే ఒక శాఖ ఉంది. ఒక రకంలో లేసు వెడల్పంతటికీ కావలసిన జతలన్నీ మొదట్లోనే దిండు మీద ఎక్కించి, చివరి దాకా అవే నడుపుతారు. మరో రకంలో ఆరేడు జతలతో సన్నని పట్టీ అల్లుతూ, దాన్ని మెలికలు తిప్పుతూ, పక్కకు వచ్చిన చోటల్లా పాత వరుసలో నుంచి కొక్కెంతో దారం లాగి కలుపుతారు. ఇద్రియా లేసు ఈ రెండో రకానికి మంచి ఉదాహరణ. ఒక ఊరి పాత ముక్కల్లో ఏ రకం ఎక్కువో లెక్క వేస్తే, అక్కడి వారికి పని ఎటు నుంచి వచ్చి ఉంటుందో ఒక ఊహ దొరుకుతుంది.

దానికంటే మంచి ఊహ చేతుల్లో దొరుకుతుంది. పశ్చిమ ఐరోపాలో చదునైన దిండు మీద కండెలు పరుచుకుని, అరచేయి కిందికి ఉంచి వాటిని జరుపుతారు. మధ్య ఐరోపాలో గుండ్రటి దిండు మీద నుంచి కండెలు కిందికి వేలాడుతుంటే, అరచేయి పైకి తిప్పి వాటిని చేతుల్లో ఎత్తి పట్టుకుని తిప్పుతారు. బొబోవాలో గుండ్రటి దిండునే ‘వావెక్’ అంటారు. అరచేయి పైకా కిందికా అన్నది ఏ పత్రాగారంలోనూ రాసి ఉండదు, ఎందుకంటే చేసేవారికి అది చెప్పవలసిన విషయంగా తోచదు. కండెల ఆకారం కూడా అంతే. జర్మన్ కొండల్లో దారం మురికి పడకుండా కండెకు చెక్క తొడుగు ఉంటుంది. ఇంగ్లండ్ మధ్య ప్రాంతంలో బరువు కోసం చివర పూసలు గుచ్చుతారు. పెద్దామెల పనిని వీడియో తీసేటప్పుడు ముఖం మీద కెమెరా పెట్టి కబుర్లు రికార్డు చేసుకుని వచ్చేవాళ్ళు ఎక్కువ. కెమెరా చేతుల పైన నిలవాలి. కబుర్లు తర్వాత ఫోన్లోనైనా అడగవచ్చు.

1949లో పోలండ్ ప్రభుత్వం జానపద, కళా పరిశ్రమలకు ట్సెపేలియా అనే కేంద్ర సంస్థను పెట్టింది. బొబోవాలో లేసు సహకార సంఘం కూడా అదే ఏడాది ఏర్పడింది. దారం, నమూనా సంఘం ఇస్తుంది, స్త్రీలు ఇంటి దగ్గర అల్లి తెస్తారు, సంఘం కొని అమ్ముతుంది. ఏ వస్తువు తగినంత ‘జానపదం’గా ఉందో తేల్చే నిపుణుల కమిటీలు కూడా ఆ వ్యవస్థలో ఉండేవి. ఈ కాలపు లేసును చదివేటప్పుడు ఆ కమిటీ కళ్ళను కూడా లెక్కలోకి తీసుకోవాలి. సంప్రదాయమంటూ మిగిలినవి కొంతవరకు ఆ కమిటీ దాటి వచ్చినవే. 1989లో కమ్యూనిస్టు పాలన ముగిశాక ఆ కొనుగోలు వ్యవస్థ కూలింది. 2000 నుంచి బొబోవాలో అంతర్జాతీయ కండె లేసు ఉత్సవం జరుగుతోంది. 2009లో బొబోవా తిరిగి పట్టణ హోదా పొందింది. క్రొయేషియా లేసు 2009లో, స్లొవేనియా కండె లేసు 2018లో యునెస్కో జాబితాకు ఎక్కాయి. ఈ గుర్తింపుల చరిత్ర వేరే ప్రసంగానికి సరిపడేది, ఇప్పుడు దాన్ని తాకను.

బొబోవాకు మరో ముఖం ఉంది. దాన్ని వదిలేసి ఆ ఊరి గురించి రాయకూడదు. హసీదీ అనే యూదు భక్తి సంప్రదాయంలోని బొబోవ్ శాఖ పేరు ఈ ఊరిదే. 1756 నాటి యూదుల ప్రార్థనా మందిరం అక్కడ ఇప్పటికీ నిలిచి ఉంది. 1942 ఆగస్టులో ఆ ఊరి యూదులను నాజీలు అడవిలోకి తీసుకుపోయి చంపారు. యుద్ధం తర్వాత కొన్నేళ్ళపాటు ఆ మందిరంలో నేత నేర్పే కర్మశాల నడిచింది. గలీషియా యూదులకు సొంతంగా ఒక అంచు పని ఉండేది: సన్నని లోహపు తీగను నూలు తాడు మీద చుట్టి, ప్రార్థన శాలువా మెడ పట్టీని అల్లడం. సాసువ్ అనే చిన్న ఊరు దానికి కేంద్రం. అది కండె లేసు కాదు. అయినా అదే రాష్ట్రంలో, అదే కాలంలో పక్కపక్కన నడిచిన రెండు అల్లికల మధ్య దారం వర్తకులు, కొనుగోలుదారులు ఎవరైనా ఉమ్మడిగా ఉన్నారా అన్నది ఇంకా తవ్వవలసిన ప్రశ్న. ల్వీవ్ దస్త్రాలకు వెళ్ళేవారు ఈ ప్రశ్నను జేబులో వేసుకుని వెళ్ళాలని నా విన్నపం.

చివరగా మన దగ్గరి సంగతి. దక్షిణ భారతదేశానికి కండె లేసు నరసాపురం ద్వారా రాలేదు. 19వ శతాబ్దం తొలి భాగంలో నాగర్‌కోయిల్‌లో మార్తా మాల్ట్ అనే మిషనరీ భార్య కండె లేసు నేర్పింది. ఆమె కూతురు ఎలైజా 1844లో పెళ్ళాడి తిరునెల్వేలి వైపు ఇడయంగుడికి వెళ్ళి, అక్కడ కూడా లేసు బడి నడిపింది. ఆమె భర్త, తెలుగు విద్యార్థులందరికీ తెలిసిన రాబర్ట్ కాల్డ్‌వెల్, 1856లో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణాన్ని అచ్చు వేయించిన ఆయనే. ఆయన పుస్తకం మీద నూటయాభై ఏళ్ళుగా చర్చ జరుగుతూ ఉంది. ఆమె బడిలో అల్లిన లేసు మీద ఎంత చర్చ జరిగిందో మీరే చెప్పండి.

నరసాపురం క్రోషియా మీద జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో ప్రచురించిన అధ్యయనం ఈ రంగంలో చదవక తప్పనిది. ప్రపంచ విపణికి సరుకు అల్లుతున్న వేలాది స్త్రీలను కార్మికులుగా కాక, తీరిక వేళల్లో అల్లుకునే గృహిణులుగా లెక్కించడం వల్ల వాళ్ళ కూలి ఎలా అణిగి ఉందో ఆమె చూపింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. బొబోవా బడి దస్త్రాలు తెరిచినప్పుడు నేను ముందు వెతికేది కూడా గుర్తింపు పత్రాలు కాదు, చెల్లింపుల పుస్తకం: మూర లేసుకు ఎంత ఇచ్చారు, మూర అల్లడానికి ఎన్ని గంటలు పడుతుంది. మొదటి అంకె దస్త్రంలో దొరకాలి. రెండో అంకె మాత్రం అదే అట్ట మీద, అదే దారంతో మళ్ళీ అల్లి గడియారం చూసుకుంటేనే వస్తుంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టిన రోజున గంట కూలి తేలుతుంది.

సమయం అయిపోయిందని అధ్యక్షులు సైగ చేస్తున్నారు. వెనక బల్ల మీద ఐదు లేసు ముక్కలు, రెండు భూతద్దాలు పెట్టించాను. గాజులూ ఉంగరాలూ దారాలకు తగులుకుంటాయి, దయచేసి తీసి ముట్టుకోండి. ఐదింటిలో ఒకటి బార్మెన్ యంత్రానిది. మూలలు చూడండి, అతుకులు చూడండి. ఏదో తేల్చుకున్నాక ప్రశ్నలు అడగండి.